గోడ పక్క ఖాళీ

పార్కుల విభాగంలో ఒక పద్ధతి ఉంది. కొత్త పార్కు వేయబోయే స్థలాన్ని ముందుగా ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించాలి. చెట్టుంటే చెట్టు, స్తంభముంటే స్తంభం, మురుగుకాల్వ మీద మూతుంటే కొలతలతో సహా మూత. ఆ బొమ్మనే పేట జనం ముందు పరిచి, ఇందులో మీకేం కావాలో చెప్పండని అడుగుతారు. అయితే నేలలో పాతుకుని లేనిదేదీ బొమ్మలోకి రాకూడదు. ఆగి ఉన్న బండి రాదు, ఆరేసిన బట్టలు రావు, పడుకున్న కుక్క రాదు. మనుషుల సంగతి ఆ పద్ధతిలో అసలు రాసే లేదు. ఎందుకు రాస్తారు, మనుషులు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లే కదా.

ఆ విభాగంలో బొమ్మలు గీసేది స్కేలమ్మ. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆఫీసులో ఆ పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. పదిహేనేళ్లలో ఆమె గీసిన గీత ఒక్కటి కూడా తప్పని తేలలేదు. టీ కప్పు పెట్టినా బల్ల అంచుకు కొలిచి పెడుతుందని వెనకాల నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు, పైగా లోలోపల కాస్త గర్వం కూడా. అలాంటి మనిషి ఒక బొమ్మ తప్పు గీసింది. పద్ధతి పుస్తకం ముందేసుకుని చూస్తే ఆ బొమ్మలో వేలెత్తి చూపడానికి ఏమీ దొరకదు. అదే వచ్చిన చిక్కు.

ఆ బొమ్మలోని స్థలంలో ఒకప్పుడు ఐసు గోదాము ఉండేది. దాన్ని కూల్చేసి చాలా ఏళ్లయింది. రెండు సందుల మధ్య మిగిలిన ఆ జాగాలో గోదాము తాలూకు గోడ ఒకటి, గోడకు కాస్త ఎడంగా ఒక పెద్ద చెట్టు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య నీడలో ఒక పెద్దావిడ కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటుంది. ఊడిన జిప్పులు, తెగిన సంచి పట్టీలు, గాలికి తిరగబడ్డ గొడుగులు, పిల్లలకు పొట్టయిపోయిన స్కూలు బట్టలు, అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. పొద్దున ఎనిమిదికి చక్రాల పీట మీద మిషనును తోసుకొస్తుంది, వెలుతురు తగ్గగానే తోసుకుపోతుంది. ఆ రెండు సందుల్లో ఆవిడ కుట్టు పడని ఇల్లు లేదు.

ఆవిడ స్కేలమ్మకు పిన్ని.

అమ్మ పోయేనాటికి స్కేలమ్మకు ఆరేళ్లు. నాన్న అంతకుముందే మొహం చాటేశాడు. అప్పటికి పిన్నికి పట్టుమని పాతికేళ్లు లేవు. పిల్లను చంకనేసుకుని, పెళ్లి మాట ఎత్తినవాళ్ల మీద ఒంటికాలి మీద లేచి, ఆ మిషను తొక్కుకుంటూనే బతుకంతా వెళ్లదీసింది. పిల్లను చదివించింది, బొమ్మలు గీసే కోర్సులో చేర్చింది. డ్రాయింగు పలక కొనే స్తోమత లేకపోతే, మిషను మీది చెక్క పలకను ఊడదీసి ఇచ్చింది. తను వట్టి ఇనప చట్రం మీద అట్టముక్క పరుచుకుని కుట్టింది.

అంత చేసిన మనిషిని స్కేలమ్మ ఒక్క మాటతో దూరం పెట్టింది. పెళ్లి కుదిరేటప్పుడు కాబోయే అత్తగారు, మీ పిన్ని గారు ఏం చేస్తారమ్మా అని అడిగింది. కుట్టు షాపు ఉందండీ, అంది స్కేలమ్మ. పచ్చి అబద్ధమని కూడా అనలేం. షాపుకు ఒక గోడ ఉంది, మిగతా మూడూ తలుపూ లేవంతే. పక్కనే ఉన్న పిన్ని ఆ మాట విని నవ్వింది. ఆ తర్వాత పిన్ని ఎన్నడూ స్కేలమ్మ ఇంటి గడప తొక్కలేదు. స్కేలమ్మే నెలకోసారి పిన్ని గదికి వెళ్లి వచ్చేది. ఆ అబద్ధం ఇంట్లో ఆగలేదు, ఆఫీసుదాకా పాకింది. పార్కుల ఇంజనీరు గారి కుటుంబం అత్తగారి మేడలోనే కింది వాటాలో ఉండేది. మీ పిన్ని గారి షాపు ఎలా నడుస్తోందని ఆయన ఎప్పుడన్నా మర్యాదకు అడిగితే, బాగానే ఉందండీ అని స్కేలమ్మ బదులు చెప్పేది.

పిన్ని గది మూడో అంతస్తులో, మేడకు వెనక వైపు; మిషను మాత్రం రాత్రిళ్లు కింద మెట్ల వార ఉంటుంది. కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క మేడ గోడ. పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి, ఆ బల్బు వెలుతుర్లో పిన్ని కళ్లకు సూది బెజ్జం కనపడదు. పెద్దరోడ్డు మీద కుట్టుపనివాళ్లు అంగుళం వదలకుండా పాతుకుపోయి ఉన్నారు, కొత్త మనిషిని కాలు పెట్టనివ్వరు. ఆ గోడ పక్క చోటు పోతే పిన్నికి పని లేనట్టే. పని మాట అటుంచి, రోజంతా నాలుగు మాటలు మాట్లాడే మనిషి కూడా ఉండదు. ఈ సంగతి ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసింది స్కేలమ్మకే.

అందుకే కొత్త పార్కుల జాబితాలో ఆ జాగా చూడగానే ఆమె ఆ వరస మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

కొలతలకు ఆమెతోపాటు టేపు పెద్దాయన వచ్చాడు. టేపు రెండో చివర పట్టుకోవడం ఆయన ఉద్యోగం. రిటైరు కావడానికి ఇంకో ఏడాదే ఉంది, అందుకని ఆయన ఎవరితో ఏమన్నా అనేస్తాడు. ఇద్దరూ జాగాలోకి అడుగు పెట్టగానే పిన్ని తలెత్తి చూసింది. మొహం ఒక్క క్షణం విప్పారింది. వెంట ఇంకో మనిషి ఉండటం గమనించి, వెంటనే మిషను మీదికి వంగిపోయింది. టేపు తన కాళ్ల కింద నుంచి పోవాల్సి వచ్చినప్పుడు పాదాలు పైకెత్తి పట్టుకుంది, గొడుగుల కుప్పను పక్కకు జరిపింది. పెద్దాయనతో రెండు ముక్కలు మాట్లాడింది గానీ స్కేలమ్మ వైపు మళ్లీ చూడలేదు. తనను ఎరగని మనిషిలాగా ఉండటం పిన్నికి అంత బాగా వచ్చని స్కేలమ్మకు అప్పటిదాకా తెలియదు.

"ఈవిడను ఎక్కడ వేస్తారమ్మా?" అన్నాడు టేపు పెద్దాయన, కాగితంలోకి తొంగి చూస్తూ.

"నేలలో పాతుకున్నవే వేయాలి కదండీ."

"ఈవిడ పాతుకుని లేదంటారా? ఆ చెట్టు ఇంత పిలకగా ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను నేను."

ఆయన నవ్వాడు, పిన్ని కూడా తల వంచుకునే నవ్వింది. స్కేలమ్మ గోడ పొడవు రాసుకుని ముందుకు నడిచింది.

ఒక చిన్న చుక్క పెట్టి, పక్కన కుట్టుపని అని రాస్తే సరిపోయేది. వేరే స్థలాల్లో అలాంటి చుక్కలు ఆమె పెట్టింది కూడా. ఒకచోట పళ్లబండికి పెట్టింది, ఇంకోచోట చెప్పులు కుట్టే ఆయనకు పెట్టింది. ఇంజనీరు గారు చూసి మంచి పని చేశారన్నారే తప్ప తప్పు పట్టలేదు. ఇక్కడికొచ్చేసరికి ఆమెకు పద్ధతి గుర్తొచ్చింది. పైగా చుక్క పెడితే, ఆఫీసు అలవాటు ప్రకారం, దానికో చీటీ రాయాలి. మనిషి పేరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, నా అన్నవాళ్లు ఎవరున్నారు, ఇవన్నీ టేపు పెద్దాయన ఎదురుగా అడిగి నింపాలి. నా అన్నవాళ్లు ఎవరున్నారన్న ప్రశ్న దగ్గర పిన్ని నీళ్లు నములుతుంది, లేదా ఎవరూ లేరంటుంది. స్కేలమ్మ ఆ రెండింటికీ భయపడింది. భయమని పేరు పెట్టుకుంది గానీ అది సిగ్గు, ఎన్ని రకాలుగా తిప్పి చెప్పినా సిగ్గే.

ఇంటికెళ్లి ఆ బొమ్మ గీస్తూ, ఇంకా జనం సభ ఉంది కదా, ఎవరో ఒకరు ఆవిడ మాట ఎత్తకపోతారా, అప్పుడు వేసేద్దాంలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. గోడకీ చెట్టుకీ మధ్య కాగితం తెల్లగా ఉండిపోయింది.

జనం సభ సెలవు రోజు పొద్దున, దగ్గర్లోని స్కూలు గదిలో జరిగింది. చిన్న బల్లలు నాలుగు కలిపి బొమ్మ పరిచారు. వచ్చిన ప్రతి మనిషికీ మూడు స్టిక్కర్లు, ఒక కాగితం ఇచ్చారు. ఊయల బొమ్మ ఉన్న స్టిక్కరు, బెంచీ ఉన్నది, కుళాయి ఉన్నది. ఏది ఎక్కడ కావాలో అక్కడ అతికించాలి, ఇంకేమన్నా కావాలంటే కాగితం మీద రాయాలి. మామూలుగా ఇలాంటి సభలకు పదిమంది వస్తే గొప్ప. ఆ పేటవాళ్లు మాత్రం వరండాదాకా వరస కట్టారు. ఇంజనీరు గారికి కాలు ఒకచోట నిలవలేదు.

వరసలో పిన్ని ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని వచ్చింది. తన వంతు రాగానే బల్ల మీదికి వంగి, చాలాసేపు బొమ్మను చూసింది.

"మేడమ్, ఇందులో చెట్టెక్కడండీ?"

తిట్టినా, ముద్దు చేసినా, చిట్టీ అన్న పిలుపు తప్ప ఆ నోటి నుంచి స్కేలమ్మ ఇంకో పిలుపు ఎరగదు. పెన్సిలుతో చెట్టు చూపించింది, అడక్కుండానే గోడ కూడా చూపించింది. పిన్ని తలూపి, ఊయల స్టిక్కరు తీసి, చెట్టు పక్కన జాగ్రత్తగా అతికించింది. ఆ స్టిక్కరు నాణెమంత ఉంటుంది. చూడటానికి చిన్నదే గానీ ఆ బొమ్మ కొలతలో అది నాలుగు మీటర్ల నేలను మింగేస్తుంది. ఈ లెక్క గీసేవాళ్లకు తప్ప ఎవరికీ తట్టదు. చెట్టు నుంచి గోడదాకా ఉన్న తెలుపంతా ఊయల కిందికి పోయింది.

"మధ్యాహ్నం ఎండ ఎక్కడికొచ్చినా ఆ చెట్టు కింద మాత్రం పడదండీ, పిల్లలకు హాయిగా ఉంటుంది," అని పిన్ని వెనక ఉన్నవాళ్లకు చెప్పింది.

ఆవిడ కంటే ఆ జాగా ఎవరికి తెలుసు. వెనకున్న తల్లి ఆవిడ చెప్పిన చోటే అతికించింది, ఆమె వెనకున్న తాతగారూ అంతే. ఒకరిని చూసి ఒకరు ఊయల స్టిక్కర్లన్నీ అక్కడే వేశారు, చోటు చాలక ఒకదాని మీద ఒకటి అతికించారు. కుట్టావిడ చెప్తే కరెక్టేనని గదిలో మూడు నాలుగు సార్లు వినిపించింది. ఆవిడంటే వాళ్లందరికీ ఇష్టం. ఆ ఇష్టంతోనే ఆవిడ కాళ్ల కింది నేల ఊయలకు ఇచ్చేశారు. ఒక్కసారి నోరు తెరిచి, అక్కడ మీరు కూర్చుంటారు కదండీ అని స్కేలమ్మ అంటే అయిపోయేది. వెనకాల ఇంజనీరు గారు నిలబడి ఉన్నారు. ఇంత ఏకమాట మీద నడిచిన సభ తన సర్వీసులో లేదని పొంగిపోతున్నారు. స్కేలమ్మ మిగిలిపోయిన స్టిక్కర్లను అంచులు కలిపి సర్దుతూ ఉండిపోయింది.

తర్వాత అసలు ప్లాను గీసింది కూడా ఆమే. చెట్టుకూ గోడకూ నడుమ ఊయల, కింద రబ్బరు పరుపు, చుట్టూ ఇనప కంచె. పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు తెరిచే గేటు. లోపల ఏ వ్యాపారమూ చేయరాదన్న బోర్డు గేటు పక్కన. ఆ బోర్డు కొలతను రెండుసార్లు చెరిపి మళ్లీ వేసింది. వారం రోజులు అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని భర్త అడిగితే, ఆఫీసులో పని ఎక్కువగా ఉందంది.

చివరికి కాళ్లీడ్చుకుంటూ ఇంజనీరు గారి గదిలోకి వెళ్లింది. అక్కడ ఒకావిడ మిషను కుట్టుకుంటుంది, ఊయలను కాస్త ఇవతలికి జరిపితే ఆవిడ చోటు ఆవిడకుంటుంది అని చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు. జనం అతికించిన చోటు నుంచి ఊయలను మనంతట మనం జరిపితే ఆ సభకు అర్థమే లేదన్నాడు. ఒక్కరంటే ఒక్కరు ఆవిడ గురించి రాసి ఉన్నా ఆ కాగితం తీసుకురండి, నేనే దగ్గరుండి మార్పిస్తానన్నాడు.

స్కేలమ్మ సభలో జనం రాసిచ్చిన కాగితాల కట్ట తీసుకుని రికార్డుల గదిలో కూర్చుంది. నూట పద్దెనిమిది కాగితాలు. కళ్లల్లో వత్తులు వేసుకుని చదివింది. దీపాలు కావాలన్నారు, చెత్తడబ్బా కావాలన్నారు, కుక్కలు రాకుండా చూడమన్నారు. ఒకాయన తన ఇంటికి ఎదురుగా కుళాయి పెడితే తగువులైపోతాయని రెండు పేజీలు రాశాడు. కుట్టావిడ ఉండాలని ఒక్కరూ రాయలేదు. ఎందుకు రాస్తారు. ఏం కావాలని అడిగారు, లేనివన్నీ రాశారు. ఎదురుగా ఉన్న మనిషిని ఉంచమని ప్రత్యేకంగా అడగాలని ఎవరికి తోస్తుంది.

ఎనభయ్యో కాగితమో ఏదో, పిన్నిది. ఆ వంకర అక్షరాలు ఆమెకు దూరం నుంచే తెలిసిపోయాయి. కుళాయి కొంచెం ఎత్తులో పెట్టండి, ముసలివాళ్లు వంగలేరు అని మొదటి వాక్యం. దాని కింద ఇంకొకటి ఉంది. "బొమ్మ చాలా బాగా గీశారు." సంతకం చేయాల్సిన చోట పిన్ని పేరు రాయలేదు. అడ్రసు కూడా రాయలేదు. రికార్డుల గదిలో ఎవరూ లేరు కాబట్టి స్కేలమ్మ కాసేపు ఏడ్చింది.

సాయంత్రం మళ్లీ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లి, ఎవరూ రాయలేదండీ అంది. ఆయన ఆమె మొహం వంక చూశాడు. కళ్లు ఎర్రగా ఉండటం గమనించినట్టున్నాడు.

"ఆవిడ మీకేమన్నా అవుతారా? అయితే చెప్పండి. నా పూచీ మీద పైవాళ్లకు రాస్తాను."

తలుపు తెరిచి చూపించినట్టే అయింది. అవునండీ, మా పిన్ని అనడానికి ఎంతసేపు. అన్న మరుక్షణం ఈయన కళ్లలో కుట్టు షాపు మెదులుతుంది. రాత్రికి ఈయన భార్యకు, రేపటికి అత్తగారికి. ఇన్నేళ్లు మోసుకొచ్చిన మాట ఒక్క పూటలో బట్టబయలవుతుంది. స్కేలమ్మ ఇంత ఆలోచించి చెప్పిందనుకోవడానికి లేదు. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"అబ్బే, ఏమీ కారండీ. కొలతలప్పుడు చూశాను, అంతే."

ఆయన సరేనని ప్లాను మీద సంతకం పెట్టేశాడు.

సోమవారం కంచె పని మొదలవుతుందనగా, శుక్రవారం మధ్యాహ్నం స్కేలమ్మ సెలవు పెట్టి ఆ జాగాకు వెళ్లింది. ఇనప స్తంభాలు అప్పుడే దించి గోడ వార పేర్చారు. పిన్ని గొడుగుకు ఊచ బిగిస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, "రా చిట్టీ" అంది. గిరాకీలు కూర్చునే స్టూలు మీది దుమ్ము దులిపి చూపించింది. స్కేలమ్మ కూర్చుంది. జరగబోయేది చెప్పింది, ఊయల ఎక్కడొస్తుందో చెయ్యి చాపి చూపించింది.

పిన్ని వినడం పూర్తయ్యాక చేతిలోని ఊచ కింద పెట్టింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలే?"

"బొమ్మలో నీ చోటు లేదు పిన్నీ."

"లేకపోవడమేంటి, గీసింది నువ్వే కదా."

స్కేలమ్మ గోడ వార పేర్చిన స్తంభాల వైపు చూసింది.

"నువ్వు గీశావనే నేను ఏమీ అడగలేదు," అంది పిన్ని. "ఇంకెవరన్నా గీసుంటే, నా చోటేదయ్యా అని ముందే అడిగి ఉందును. స్కూల్లో ఆ వేళ కూడా అడగబోయి ఊరుకున్నాను. మన పిల్లే కదా, నన్ను వదిలేస్తుందా అనుకున్నాను."

పిన్ని కోపంగా అన్నా బాగుండేది. ఎక్కడో కుట్టు తప్పిపోతే దాన్ని వెతుకుతున్న మనిషిలాగా అంది. స్కేలమ్మ దారంతా ఒక మాట కూడబలుక్కుని వచ్చింది. నిన్ను చూసి సిగ్గుపడ్డాను, అందుకే వదిలేశాను, నన్ను నాలుగు కొట్టు అని చెప్పేయాలనుకుంది. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"పిన్నీ, నేను కావాలనే..."

పిన్ని చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు అవి, పట్టు గట్టిగా ఉంది.

"మర్చిపోయానని చెప్పవే," అంది. "పని ఒత్తిడిలో మర్చిపోయి ఉంటావు. ఆ ముక్క చెప్పు చాలు. నేను నమ్ముతాను."

స్కేలమ్మ ఆ కళ్లలోకి చూసింది. పిన్నికి అంతా తెలుసు. షాపు ఉందన్న రోజున తెలుసు, టేపు కోసం కాళ్లెత్తిన రోజున తెలుసు. సోమవారం నుంచి ఆ చీకటి గదిలో పొద్దస్తమానం ఒక్కతే కూర్చోవాలి. కూర్చుని తలుచుకోవడానికి ఆవిడకు ఏదో ఒక మాట కావాలి. స్కేలమ్మ తెచ్చిన నిజం ఆ పనికి రాదు.

"మర్చిపోయాను పిన్నీ," అంది స్కేలమ్మ.

"అంతేగా," అంది పిన్ని. "మతిమరుపు ఎవరికి లేదు."

ఆవిడ ఆమె చెయ్యి వదిలి, ఊచ తీసుకుని మళ్లీ గొడుగుకు బిగించసాగింది. రెండుసార్లు బెజ్జం తప్పింది. మూడోసారి స్కేలమ్మ ఆ ఊచను పట్టుకుని నిలపబోతే వద్దంది, వెలుతురు ఉండగానే బస్సెక్కమంది.